బంగారి పేరు మీద వెళ్ళిన ఉత్తరాలు

పంచమి

సంఘం వాళ్ళు రాయమన్నారు, రాస్తున్నాను. పోయినవాళ్ళ మెయిలు పెట్టె తెరవాలంటే వాళ్ళ మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళు చూసింది చూసినట్టు రాయాలి. మా గట్టు మీద అది కట్టుబాటు. నాది మూడో తరగతి చదువు. నాచు తిరగేసే చేతులివి, అక్షరాలు వంకరపోతే సర్దుకోండి.

నా పేరు గరికిన నూకరత్నం. పోయిన మనిషి నా కూతురు బంగారి. నాచు తాళ్ళు ఎక్కడ తెగాయో చూడడానికి నీళ్ళ అడుక్కి దిగే పని దానిది. మాఘంలో ఒకనాడు దిగింది. నడుముకి కట్టుకున్న తాడు పైకి వచ్చింది. అది రాలేదు. దొరకనూ లేదు.

మా గట్టు అంటే పాత చమురు బావుల ఇనుప స్తంభాలు, వాటి మీద పలకలు, పలకల మీద మా ఇళ్ళు. మా తాతలు కాపురమున్న ఊరు మా కాళ్ళ కిందే ఉంది. నీళ్ళు తేరుకున్న రోజున బడి కప్పు కనిపిస్తుంది. ఇలాంటి చోట సముద్రంలో పోయినవాళ్ళకి దహనం లేదు, మట్టి లేదు. వాళ్ళకి మిగిలేది పేరొక్కటే. అందుకని మా పెద్దలు ఒకటి పెట్టారు. పోయినవాళ్ళ పేరు ఎవరైనా పిలిస్తే ఏడాది తిరిగేదాకా ఇంటివాళ్ళు పలకాలి. పలికేవాళ్ళు లేకపోతే ఆ మనిషి ఒడ్డు తెలియక తిరుగుతుందంటారు. ఇప్పుడు ఎవరూ వాకిట్లోకి వచ్చి పిలవరు, రాసో, గొంతుతో చెప్పో మెయిలు పెడతారు. కాబట్టి పెట్టె పలుకుతుంది. నేను నా గొంతుతో చెప్పి పెట్టాను: "బంగారి ఇంటికాడ నేదు. సముద్రంలో ఉంది. నాను తల్లిని. నీ పిలుపు నాకు అందింది." ఎవరు ఏం రాసి పంపినా ఈ మాట వాళ్ళకి వెళుతుంది. వాళ్ళు ఏమని పిలిచారో అది కూడా కింద అంటించి పంపుతుంది పెట్టె. ఏ పిలుపుకి ఏ బదులో తెలియాలి కదా.

ఇక వచ్చిన చిక్కు చెబుతాను. గట్టు మొత్తానికి సర్వరు ఒక్కటే. ఆ సర్వరు నుంచి ఒడ్డుకి చెత్త మెయిళ్ళు పోతున్నాయట. జుట్టు నూనెలు, లాటరీలు, మోకాళ్ళ పట్టీలు. ఒడ్డు వాళ్ళు విసిగిపోయి మా గట్టు మెయిళ్ళన్నీ తోసేస్తున్నారు. ఒకడు చేసినా అందరి నెత్తికే. సరుకుల బోటుకి పెట్టిన ఆర్డరు వెనక్కి వచ్చింది. కాసులమ్మ పెద్దమ్మకి చక్కెర జబ్బు మందు అయిపోవస్తోంది. సంఘం పెద్ద లచ్చయ్య మావ వైర్‌లెస్‌లో గొంతు పోయేలా అరిచాడు. అవతలివాళ్ళు ఏమన్నారంటే, ఫిర్యాదు ఏదైనా మెయిల్లో పెట్టమన్నారు. మెయిలు పోవడం లేదన్న సంగతి మెయిల్లో రాయాలట. ఈ మాట చెప్పి మావ తనే నవ్వాడు, తరవాత తనే బూతు తిట్టాడు.

టపా గది చూసే దానియేలు వెతికితే, చెత్త అంతా పోయినవాళ్ళ పెట్టెల నుంచే పోతోందని తేలింది. అందులోనూ ఎక్కువ మా బంగారి పేరు మీదే.

సంఘం తీర్మానం ఇది. ద్వాదశి లోపల మూలం తేలకపోతే పోయినవాళ్ళ పెట్టెలన్నీ చెరిపేస్తారు. చెరిపేస్తే ఏమవుతుందని దానియేలుని అడిగాను. బంగారికి ఎవరైనా రాస్తే మిషనే బదులిస్తుందన్నాడు. ఏమని అని అడిగాను. తల దించుకుని చెప్పాడు.

"ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు."

కూతురు పోయిందని చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. లేదనడం వేరు. ఎప్పుడూ లేనట్టే కదా అది.

సప్తమి

నిన్న గాలి ఎక్కువ, నాచు ఎగిరిపోకుండా వలలు కప్పే పనిలోనే పొద్దు పోయింది. ఈ రోజు టపా గదిలో కూర్చున్నాను. దానియేలు మా ఆయనకి వరసకి తమ్ముడు. నాలుక కింద లవంగం పెట్టుకుని సర్వరుతో గేదెతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. జరుగే, లేవే, ఏటే నీ బాధ అంటాడు. వింటుంటే నాకే కాస్త ధైర్యం వచ్చింది.

ముందు బంగారి పెట్టె తెరిచాడు. వచ్చిన ఉత్తరాల అర పొంగి పొర్లుతోంది. పాటల పోటీ, వంటల పోటీ, మీకు ఓడ తగిలింది, మీకు ఇల్లు తగిలింది. నాకు నవ్వాగలేదు. ఎక్కడ పోటీ అని కనిపించినా తన చిరునామా రాసిచ్చేది నా కూతురు. ఎన్నో రాసింది, ఒక్కటే గెలిచింది. దానికి బహుమతి ఒక గొడుగు. నడి సముద్రంలో ఉండేవాళ్ళకి గొడుగు. ఇప్పుడు దాని కిందే నేను లేత నాచు ఆరబెడుతున్నాను, ముదురు ఎండ తగలకుండా.

తరవాత పంపిన ఉత్తరాల అర తెరిచాడు. మాఘం దాటాక అందులో ఒక్కటీ లేదు. మరి పోతున్నవి ఎలా పోతున్నాయి? దొంగైతే పంపి, అడుగులు చెరుపుకుంటూ పోతున్నాడన్నాడు దానియేలు. తరవాత గోడకేసి చూస్తూ అడిగాడు.

"వదినా, కోపం సెయ్యకు. గుంట ఎవురికైనా పాస్‌వర్డు సెప్పిందేటి?"

ఎందుకడిగాడో నాకు తెలుసు. బావిమిట్ట దగ్గర, అంటే వాన నీళ్ళ తొట్టి దగ్గర, ఆడవాళ్ళు అనుకుంటున్నారు. ఒడ్డున ఎవడో ఉన్నాడనీ, వాడికి తాళం ఇచ్చిందనీ, పోయాక కూడా వాడు దాని పేరు అమ్ముకుంటున్నాడనీ. నా ముందు అనరు. నేను బిందె పెట్టగానే ఎండ గురించి మాట్లాడతారు.

బంగారి పాస్‌వర్డు నాకు తెలుసు. నెత్తళ్ళపులుసు. నాకే చెప్పింది, నాకొక్కదానికే చెప్పానంది. నేను అదే మాట దానియేలుకి చెప్పాను. కానీ ఇంటికొచ్చాక లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇరవైనాలుగేళ్ళ పిల్ల. అన్నీ అమ్మకి చెబుతుందా? చెప్పకపోతే మాత్రం నేనేం చేస్తాను, ఇప్పుడు కొట్టనా తిట్టనా?

అష్టమి

పాస్‌వర్డు మార్చాం. కొత్తది నేనే అనుకున్నాను, దానియేలు కళ్ళు మూసుకుని ఉంటే నేనే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. ఇప్పుడు తాళం నా దగ్గర తప్ప లోకంలో ఎవరి దగ్గరా లేదు.

మధ్యాహ్నం దాకా చూశాం. చెత్త పోతూనే ఉంది. బంగారి పేరు మీదే.

అంటే నా కూతురు ఎవడికీ తాళం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ పాటికి ఆగాలి కదా. దానియేలు దిగాలుగా కూర్చున్నాడు గానీ నాకు మాత్రం గుండె మీద బండ సగం దిగింది. సాయంత్రం కావాలనే తొట్టి దగ్గరికి వెళ్ళి, పాస్‌వర్డు మార్చినా పోతోందమ్మా, ఇది తాళం ఇచ్చిన దొంగతనం కాదు అని అందరికీ వినపడేలా చెప్పాను. ఎవరూ ఎండ గురించి మాట్లాడలేదు.

అయితే లచ్చయ్య మావ ఇంకోలా తీసుకున్నాడు. తాళం మార్చినా ఆగకపోతే పెట్టెల్లోనే పురుగుంది, ద్వాదశి దాకా ఎందుకు, ఇప్పుడే చెరిపేద్దామన్నాడు. అతన్నీ తప్పు పట్టలేను. కాసులమ్మ పెద్దమ్మ అతనికి కన్నతల్లి. మందు సగం సగం వేసుకుంటోంది. పెద్దమ్మే అడ్డం పడింది. ద్వాదశి అన్నావు, ద్వాదశి దాకా నోరు మూసుకో, నీ మాట నువ్వే తప్పితే రేపు నీ మాట ఎవరు వింటారని కొడుకుని గదమాయించింది. తరవాత నా వైపు తిరిగి, నువ్వు తొరగా కానీవే అంది.

నవమి

దానియేలుకి ఒక ఉపాయం తోచింది. లోపలికి వచ్చే దారి మూసేస్తే ఏమవుతుందో చూద్దామన్నాడు. బయట నుంచి దొంగ ఎలా వస్తున్నాడో తెలియనప్పుడు బయటే లేకుండా చేస్తే సరి. పొద్దున్నే మెయిళ్ళు వచ్చే గేటు దించేశాడు. పోయే గేటు మాత్రం తెరిచి ఉంచాడు.

నేను నాచు తిరగేసి వచ్చేసరికి అతను లవంగం నమలడం మానేసి తెర కేసి చూస్తున్నాడు. చెత్త పోవడం ఆగిపోయింది. ఒక్కటంటే ఒక్కటి లేదు. మధ్యాహ్నం గేటు ఎత్తాడు. కాసేపటికే మళ్ళీ మొదలైంది. మళ్ళీ దించాడు, ఆగింది.

లోపలికి ఏదీ రాకపోతే బయటికి ఏదీ పోవడం లేదు. ఇదేం దొంగతనమో మా ఇద్దరికీ అంతు పట్టలేదు. మరి పోయే ఉత్తరం ఎలా ఉందో విన్నావా అని దానియేలుని అడిగాను. ఒడ్డు వాళ్ళు ఫిర్యాదుతో పాటు తెగ్గోసి పంపిన ముక్క చదివానన్నాడు, నూనె ముక్క. ఉత్తరం మొత్తం ఎవరూ వినలేదు. అవి పోతూ పోతూ కాపీ వదిలిపెట్టడం లేదు. పైగా పోయినవాళ్ళ ఉత్తరం వాళ్ళ మనిషి లేకుండా తెరవకూడదు.

తెర మీద అక్షరాలు నేను చదవలేను కాబట్టి నాకు ముక్క పనికిరాదు, మొదటి నుంచి వినిపించాలి అన్నాను. అయితే రేపు పోయే గేటు దగ్గర వల వేసి ఒకదాన్ని పట్టుకుందామన్నాడు.

దశమి

పట్టుకున్నాం.

వచ్చే గేటు తెరిచి, పోయే గేటు దగ్గర కాపలా పెట్టాడు దానియేలు. టీ చల్లారకముందే ఒకటి చిక్కింది. బంగారి పేరు మీద, ఎవరో మాకు తెలియని మనిషికి పోతోంది. వినమంటావా వదినా అన్నాడు. నేను ముక్కు మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఏ మగవాడి గొంతు వినాల్సి వస్తుందో, ఏ మాటలు వినాల్సి వస్తుందో అని.

నా గొంతే వినపడింది.

"బంగారి ఇంటికాడ నేదు. సముద్రంలో ఉంది. నాను తల్లిని. నీ పిలుపు నాకు అందింది."

దాని వెనకాలే ఒక ఆడమనిషి గొంతు చక్కగా, హుషారుగా మొదలుపెట్టింది, రాలిపోయిన జుట్టు మళ్ళీ మొలిపించే నూనె గురించి.

దానియేలు నా వైపు చూశాడు. నేను దానియేలు వైపు చూశాను. మళ్ళీ పెట్టమన్నాను, మళ్ళీ పెట్టాడు. నేను, తరవాత నూనె. ఇంకోటి పట్టాడు. నేను, తరవాత లాటరీ. పోయిన మా పక్కింటి దుర్గయ్య పెట్టె నుంచి వెళ్ళేదాన్ని పట్టి, అతని పెళ్ళాన్ని పిలిపించి వినిపించాం. ఆమె ఏడుపు గొంతు, దాని కింద మోకాళ్ళ పట్టీ. ఆమె పాపం కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆమె నవ్వేసరికి నాకూ ఆగలేదు. మాఘం తరవాత నేను కడుపు పట్టుకుని నవ్వింది ఇదే.

దొంగ లేడు. పురుగు లేదు. ఎవడో నూనె అమ్మేవాడు బంగారికి రాస్తాడు. పెట్టె మేం చెప్పినట్టే పలుకుతుంది. ఏమని పిలిచారో అది కింద అంటించమన్నది మేమే కాబట్టి నూనె కూడా అంటిస్తుంది. అలా వచ్చిన చెత్త వచ్చినట్టే తిరిగి పోతోంది. బంగారి లోకంలో ఉన్న పోటీలన్నిటికీ చిరునామా రాసిచ్చింది, అందుకే దాని పేరు మీద అంత ఎక్కువ.

నాకు ఒకటి అర్థం కాలేదు. నూనెవాడికి బదులు పోతే నూనెవాడే కదా విసుక్కోవాలి, ఒడ్డు మీద ఊరందరికీ కోపం ఎందుకు?

"ఆడు తన పేరు రాత్తాడేటి వదినా? అడ్డదారోడు. దార్లో దొరికినోళ్ళ పేరేదో ఒకటి రాసేసి పంపుతాడు. మన పెట్టి ఆ పేరుకి పలుకుతంది. ఆళ్ళకి మనమెవురు, ఈ నూనేటి? సచ్చినోళ్ళ పేరు సెప్పి నూనె అమ్ముతున్నారనుకుంటారు."

ఇంటికి వచ్చి గొడుగు కింద నాచు పక్కనే పడుకున్నాను. ఒళ్ళంతా తేలికగా ఉంది. నా పిల్ల ఎవడి చేతిలోనూ మోసపోలేదు. ఎవడికీ ఏదీ ఇవ్వలేదు. పెట్టె పలకమన్న చోటల్లా పలికింది, అంతే.

ఏకాదశి

సంఘం కూర్చుంది. దానియేలు పట్టిన ఉత్తరాలు వినిపించాడు. జనం మొదట నవ్వు ఆపుకోవడానికి కిందామీదా పడ్డారు, తరవాత లచ్చయ్య మావే మొదలుపెట్టాడు కాబట్టి అందరూ నవ్వారు.

నవ్వులయ్యాక అసలు పేచీ వచ్చింది. దానియేలు చెప్పిన మందు ఇది. పోయిన మనిషి బతికున్నప్పుడు ఎవరెవరికి ఉత్తరాలు రాసిందో పెట్టెకి తెలుసు. వాళ్ళు పిలిస్తేనే పలికేలా పెడదాం. వాళ్ళ పిలుపు కింద అంటించడం మానేద్దాం. కొందరు ముసలివాళ్ళు ఒప్పుకోలేదు. పిలిచిన ప్రతి పిలుపుకీ పలకాలన్నది పెద్దల మాట, అందులో మనిషిని బట్టి ఎంచడం ఏమిటన్నారు. లచ్చయ్య మావ మళ్ళీ చెరిపేయడం దగ్గరికే వచ్చేలా ఉన్నాడు.

కాసులమ్మ పెద్దమ్మని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె నిలబడలేదు, కూర్చునే మాట్లాడింది.

"ఈదిలో ఉప్పోడు వొచ్చి ఉప్పో ఉప్పూ అని అరిత్తాడు. ఆడు మన ఇంట్లో సచ్చినోళ్ళని పిలిసినట్టేటి? ఆడి అరుపుకి దడి అవతలకెల్లి మా గుంట నేదు నాయినా అని సెప్తావేటి నువ్వు? పేరు తెలిసి పిలిసినోళ్ళకి పలుకు. అరిసినోళ్ళకి కాదు. ఇందులో పెద్దల మాటెక్కడ తప్పిందిరా?"

లచ్చయ్య మావ తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. అలగే కానీ అన్నాడు. అప్పటికప్పుడే దానియేలు టపా గదికి పోయి పెట్టెలన్నీ సరిచేశాడు. ఒక్కో పెట్టెకీ ఇంటి మనిషి పక్కన కూర్చున్నారు. నా వంతు వచ్చినప్పుడు, గొంతు మార్చి చెబుతావా, ఇందులో కొంచెం వణుకుంది అని అడిగాడు. వద్దన్నాను. ఆ రోజు అలాగే వచ్చింది, అదే ఉండనీ.

బంగారి ఎవరెవరికి రాసిందో పెట్టె పేర్లు చదివింది. స్నేహితులు, తాళ్ళ మేస్త్రీ, మునక దుస్తులు కుట్టేవాళ్ళు, గొడుగు పంపిన కంపెనీకి థాంక్స్. ఒడ్డు మీద మగపిల్లవాడు ఒకడు ఉన్నాడు. దానియేలు నా ముఖం చూశాడు. ఉండనీ, అతను పిలిస్తే పలకనీ అన్నాను.

పౌర్ణమి

చెత్త ఆగింది. లచ్చయ్య మావ వైర్‌లెస్‌లో జరిగిందంతా చెబితే ఒడ్డు గేటువాళ్ళు రెండు మూడు రోజులు గమనించి చూస్తామన్నారట. నిన్న సాయంత్రానికి తెరిచారు. ఆర్డరు వాళ్ళకి చేరింది. ఈ రోజు పోటు మీద బోటు వచ్చింది. పెద్దమ్మ మందు వచ్చింది, ఉల్లిపాయలు కూడా వచ్చాయి. తొట్టి దగ్గర ఆడవాళ్ళు నా బిందె ముందు నింపి ఇచ్చారు. అది చాలు.

కూర్చున్న పని అయిపోయింది కాబట్టి ఇక రాయనక్కర్లేదని మావ చెప్పాడు.

తదియ

రాయనక్కర్లేదు గానీ ఇది రాయాలి.

ఒడ్డు వాళ్ళు వెనక్కి తొయ్యకుండా ఆపి ఉంచిన మా ఉత్తరాలు ఇప్పుడు చేరుతున్నాయి, వాటికి బదులులు వస్తున్నాయి. దానియేలు నన్ను పనిలోంచి పిలిపించాడు. బంగారికి ఒకటి వచ్చిందన్నాడు. నూనె కాదు, మనిషి గొంతు. నీళ్ళు లేని ఎగువ సీమలో నీళ్ళ ట్యాంకరు తోలే ఆవిడట, పేరు హుసేన్‌బీ. నూనెవాడు దొంగతనంగా వాడుకున్న పేర్లలో ఆమెదీ ఒకటి. వెనకాల ఇంజను మోత వినపడుతోంది. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, దానియేలు పక్కనుండి అందించాడు.

"ఇది నాకు నాలుగోసారి రావడం. ముందు మూడుసార్లు తిట్టి తీసేసినా. ఈసారి చేతిలో స్టీరింగు ఉండి ఆపలేక మొత్తం ఇన్నా. ఇది మోసమైతే నీ నాలుక పడిపోను. నిజమైతే, అమ్మా, నేను సముద్రం చూసినదాన్ని కాదు. ఈడ నీళ్ళంటే నా ట్యాంకరే. బండి ఆపి దిగి నీ బిడ్డ పేరు గట్టిగా ఒకసారి పిలిచినా. ఏం పలకలే, మేకలు మాత్రం చూసినాయి. ఎందుకు పిలిచినానో నాకే తెల్దు. ఏమనుకోవద్దు. ఆ నూనె మాత్రం ఇంకోసారి పంపొద్దు."

ఇద్దరం పెట్టె కేసి చూస్తూ కూర్చున్నాం. పెట్టె ఉలకలేదు.

"పలకదు వదినా. బంగారి ఈవిడికి ఎప్పుడూ రాయనేదు కదా. ఇప్పుడు రూలు అదే."

బంగారి పేరు ఎక్కడెక్కడికో పోయింది. సముద్రం లేని చోట, మేకల మధ్య, ఒక మనిషి బండి ఆపి పిలిచింది. ఉప్పువాడి అరుపు కాదది, పిలుపే.

మైకు ఇటు తిప్పమన్నాను. దానియేలు లవంగం ఉమ్మేసి తిప్పాడు. ఈసారి వణకలేదు.

"హుసేనుబీ, నాను బంగారి అమ్మని. నువ్వు పిలిసింది మాకు అందింది. నూనె ఇంక రాదు."

పంపేశాక బయటికి వచ్చాను. గాలి తిరిగి గొడుగు పక్కకి ఒరిగిపోయింది. నిలబెట్టి, నాచు రెండో వైపు తిరగేశాను.